చౌదరయ్యను బోనెక్కించని కోర్టు

బళ్ళల్లో, కాలేజీల్లో కొత్త తరీకా పాఠం ఒకటి నడుస్తున్నది. నవలను బోనులో నిలబెడతారు. ఒక పిల్లగాడు జడ్జి, ఒకడు సర్కారు వకీలు, ఒక పిల్ల ముద్దాయి తరఫు వకీలు, మిగిలినోళ్ళు సాక్షులు. వాదనలు జరుగుతాయి, తీర్పు వస్తుంది, చప్పట్లు కొడతారు. మాక్ ట్రయల్ అని దీని పేరు. వలసపాలన అంటే ఏమిటో బట్టీ పట్టించే బదులు ఇట్ల ఆడించి నేర్పితే తలకెక్కుతుందని పంతుళ్ళ మాట. మంచి మాటే. కాదనం. బట్టీ చదువుల్లో మన పిల్లలను ఎప్పుడూ వెనకబెంచీకే తోసిండ్రు. నోరు విప్పనిచ్చే పాఠం ఏదొచ్చినా మనకే లాభం. మా పేచీ ఆట మీద కాదు. బోనులోకి ఎవరిని ఎక్కిస్తున్నరు, ఎవరిని సల్లగ ఇంటికి తోలుతున్నరు అన్నదాని మీదనే.

తెలుగులో ఈ ఆటకు చప్పున దొరికే నవల ‘మాలపల్లి’. గుంటూరు బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిండు. 1922లో అచ్చయింది. మద్రాసు సర్కారు నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేసి అచ్చేసుకోవచ్చు అన్నది. 1936లో మళ్ళీ నిషేధం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చినంక నిషేధం పోయింది. ఇంకేం కావాలె? తెల్లదొర ఫిర్యాదీ, నవల ముద్దాయి, నేరం రాజద్రోహం. గంటన్నరలో కేసు తెగిపోతది. నవల నిర్దోషి, తెల్లోడు దోషి. భారతమాతకు జై.

మన దిక్కే ఒక కాలేజీలో, పేరు ఇక్కడ అనవసరం, ఈ కేసు నడుస్తుంటే వెనక నిలబడి చూసిన. జడ్జి కుర్చీలో ఎవరి కొడుకు కూసున్నడో, నల్లకోటు ఎవరి బిడ్డకు దొరికిందో చెప్పాల్నా? మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లగానికి దొరికింది బంట్రోతు వేషం. తలుపు దగ్గర నిలబడి సాక్షుల పేర్లు మూడేసిసార్లు పిలిచిండు. గొంతు బాగుందని పంతులు మెచ్చుకున్నడు కూడా.

సరే, వేషాల సంగతి అట్లుంచుదాం. కేసు సంగతి చూద్దాం. ఆ నవలలో సంగదాసును చంపిందెవరు? తెల్లదొర కాదు. మద్రాసు గవర్నరు అంతకన్నా కాదు. ఊరి భూస్వామి చౌదరయ్య. కూలి దగ్గర తగాదా వచ్చి, కూలీలు ఎదురు తిరిగితే, వాళ్ళ వెనక నిలబడ్డ మాలపిల్లగాణ్ణి కొట్టి చంపిండు. సంగదాసు అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై, ఉన్నోళ్ళను దోచి లేనోళ్ళకు పంచే దారి పట్టిండంటే దానికి మూలం అక్కడున్నది. మరి మాక్ కోర్టులో చౌదరయ్యకు సమన్లు పోలేదు ఎందుకు? ఆ హత్య మీద పోలీసులు ఏం చేసిండ్రు, కోర్టు ఏం చేసింది, నవలలో వెతికి రండ్రి అని పిల్లలకు ఎవ్వరూ చెప్పలేదు ఎందుకు? తెల్లోడు పుస్తకాన్ని ఆపిండు. చౌదరయ్య మనిషినే ఆపిండు. రెండిట్లో ఏది పెద్ద నేరమో చెప్పటానికి బారిస్టరీ చదవక్కర్లేదు.

రచయితను కూడా బోనెక్కించాలె. పగతోని కాదు, లెక్క అడగటానికి. ఆయన బ్రాహ్మణుడు, మాలల మీద జాలితో రాసిండు, ఆ రోజుల్లో అది చిన్న పని కాదు. కానీ రామదాసు, వెంకటదాసు, సంగదాసు అని ఇంటిల్లిపాదికీ ‘దాసు’ తగిలించటంలో ఆలోచన ఏమిటి? మంచి మాలడు అంటే భజన చేసే మాలడేనా? పేరులో మాలపల్లి ఉంది, మరి మాదిగవాడ ఏదీ? ఇవి పిల్లలు అడగదగ్గ ప్రశ్నలు. అడగనియ్యండి.

ఇగ మన జిల్లాల ముచ్చట. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు వలసపాలన అంటే గుంటూరు కథ చెప్పి ఊకుంటే ఎట్ల? ఇక్కడ తెల్లకలెక్టరు లేడు. నిజాం ఉన్నడు, అవ్వల్ తాలూక్‌దారు ఉన్నడు, కింద దేశ్‌ముఖు, పట్వారీ, దొర. నిజాం నెత్తిన మాత్రం హైదరాబాద్ కోఠీలో ఇంగ్లీషు రెసిడెంటు కూసున్నడు. ఫౌజు ఖర్చు కింద 1853లో బేరారునే రాయించుకున్నరు. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి ఇల్లెందు బొగ్గు పోయింది. ఆ బొగ్గు పనే 1920 నాటికి సింగరేణి కంపెనీ అయి, తర్వాత బెల్లంపల్లి దాకా వచ్చింది. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలుపట్టా కలిసింది. రామగుండం, మంచిర్యాల, సిర్పూరు మీదుగా కలప, బొగ్గు కదిలిపోయినయి. తెల్లముఖం కనపడకుండానే వలసపాలన మన ఇంట్ల జొరబడిందన్న మాట.

అదే కాలంలో మనోళ్ళు ఏం చేస్తున్నరు? వెట్టి. మాదిగ దొరింటికి చెప్పులు కుట్టాలె, మోటకు తొండం కుట్టాలె, పైస అడగొద్దు. మాల కావలి కాయాలె, కబురు మోయాలె, అధికారి ఊరికొస్తే సామాను నెత్తినెత్తుకోవాలె. చచ్చిన గొడ్డును ఈడ్చాలె. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనే మాట లండన్ నుంచి రాలేదు. పైన తెల్లోడు నిజాంను పిండిండు, నిజాం దేశ్‌ముఖును పిండిండు, దేశ్‌ముఖు ఊరిని పిండిండు. అందరి కింద నలిగింది ఎవరో ఊర్ల ఏ ముసలమ్మను అడిగినా చెప్తది. ఈ నిచ్చెన మొత్తం బోనెక్కాలె. పైమెట్టు ఒక్కటే ఎక్కిస్తే అది విచారణ కాదు, కింది మెట్లోళ్ళకు బెయిలు ఇచ్చినట్టే.

ఆదిలాబాద్ పిల్లలకయితే ఇంకా దగ్గరి కేసు ఉంది. కొమురం భీమ్ అడవి మీద, భూమి మీద హక్కు అడిగిండు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కాల్చి చంపిండ్రు. ఆయనను ఏ కోర్టుకూ తీసుకపోలేదు. అల్లం రాజయ్య, సాహు 1983లో ఆయన మీద నవల తెచ్చిండ్రు. అది మన బోనుకు పనికొచ్చే నవల. దాని పక్కనే ఇంద్రవెల్లిని పెట్టండి. 1981 ఏప్రిల్ 20, తెల్లోడు పోయి 33 ఏండ్లు దాటినంక, సభకు వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు. సర్కారు లెక్క 13 మంది, పౌరహక్కులోళ్ళ లెక్క 60కి పైన. వలసపాలన ఏ తారీఖున ఆగిపోయిందని పరీక్షలో అడిగితే గోండుపిల్ల ఏం రాయాలె?

ఇట్లంటే కొందరికి కోపం వస్తది. ‘మీరు తెల్లోణ్ణి వెనకేసుకొస్తున్నరు’ అంటరు. పాత పాట. 1930లో రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేడ్కర్ తెల్లోని ముఖం మీదనే అడిగిండు కదా, మీరు రాకముందు మాకు బావి లేదు, గుడి లేదు, మీరు వచ్చినంక ఇప్పించిందేమిటని. తెల్లోణ్ణీ విడువలేదు, సనాతనిని కూడా విడువలేదు. మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ 1917లో బెజవాడ సభలో ‘పంచమ’ అనే పేరును పక్కకు నెట్టి ‘ఆది ఆంధ్ర’ అనిపించిండు. ఆయన కొట్లాడింది ఎవరితోని, ఊరి అగ్రకులంతోనా గవర్నరుతోనా? రెండు దిక్కులా చూసే చూపు మన పెద్దలకు ఉండె. పాఠ్యపుస్తకానికే ఒంటికన్ను.

రెండు కండ్ల నవల కావాలంటే జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ ఉంది, 2000లో వచ్చింది. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం దగ్గరికి కడుపు చేత పట్టుకుని పోయిన అంటరానోళ్ళను తరిమింది ఎవరు? కాలువ తవ్వించేది తెల్లసర్కారు, పనికి రానియ్యనిది కులం. ఆ ఒక్క సన్నివేశం చాలు, నాలుగు రోజులు కోర్టు నడపొచ్చు. అదే ఏడు వచ్చిన వేముల ఎల్లయ్య ‘కక్క’ ఉంది, మాదిగవాడ మాటలోనే రాసింది, మన యాసను తప్పుల పట్టికలో వేసే పంతులుకు ముందు ఆ పుస్తకమే ఇయ్యాలె. ఇవేవీ మాక్ ట్రయల్‌కు ఎందుకు ఎక్కవు? మన మీద రాసిందే సాహిత్యం, మనం రాసింది మాత్రం ఆక్రోశం అనే రోగం ఇంకా పోలేదు గనక.

ఇంకొక మాట. కోర్టంటే న్యాయం అని పిల్లలకు నేర్పుతున్నరు. చుండూరు చెప్పండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. పట్టు పట్టి కొట్లాడితే ఆ ఊర్లనే ప్రత్యేక కోర్టు పెట్టిండ్రు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తెల్లోడు పోయిండు, అతని నల్లకోటు, అతని శిక్షాస్మృతి, సాక్షిని అడ్డంగ నిలదీసే అతని పద్ధతి మిగిలినయి. రాజద్రోహం సెక్షన్ 1870లో తెచ్చింది, 2024 జూలై దాకా శిక్షాస్మృతిలో అట్లనే కూసున్నది. వలసపాలన గురించి చెప్పాలంటే దీనికన్న మంచి పాఠం ఎక్కడ దొరుకుతది?

కాబట్టి పంతుళ్ళారా, మాక్ ట్రయల్ మానొద్దు, మార్చండి. చౌదరయ్యకు సమన్లు పంపండి. సంగదాసు తల్లిని మొదటి సాక్షిగా పిలవండి. దొరగారి పిల్లగానికి ముద్దాయి వేషం ఇయ్యండి, ఒక్క గంట బోనులో నిలబడితే ఏం కాదు. సర్కారు వకీలు కోటు మాత్రం మాదిగవాడ పిల్లకు ఇయ్యండి. ప్రశ్నలు రాసుకొచ్చుకుంటది. రాకపోతే మేం రాసిస్తం.