మేక ఈసుకుపోతే దిష్టేనా?

ఒంగోలు జాతి పశువులకు లాం ఫారంలో పరిశోధన ఉంది, ఊరూరా పేరుంది. మన తండాల్లో, యానాది కాలనీల్లో ఉన్నది మేక. పత్తి తీసిన చేలల్లో మేసే ఆ మేక నెలలు నిండకుండా ఈసుకుపోతే దిష్టి అంటాం, ఏ ముసలామెమీదో నింద వేస్తాం. ఆ నింద ఇక ఆపాలి. ఈసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి. మాయలో, పడిపోయిన పిల్లలో, పచ్చిపాలలో అది ఉంటుంది.

2019లో కేంద్రం గాలికుంటుకూ దీనికీ కలిపి ఐదేళ్లకు 13,343 కోట్ల రూపాయల టీకా కార్యక్రమం ప్రకటించింది. అందులో బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల ఆవు, గేదె పెయ్యదూడలకే. మేకకు లేదు. మనుషులను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం మేకలు, గొర్రెల నుంచి వచ్చే రకమే! విదేశాల్లో వాటికి రెవ్-1 టీకా వేస్తున్నారు. పేదవాడి పశువు లెక్కలోకి రాదా?

రైతు గేదె ఈసుకుపోయినా వట్టి చేతులతో మాయ తీసేది మన పాలేరే. తర్వాత వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు. మలేరియా అనుకుని మాత్రలు మింగుతాడు. ఈ జ్వరానికి కనీసం ఆరు వారాలు సరైన మందు వాడాలి.

టీచర్లూ, యువకులారా! పాలు కాచి తాగమనండి. చేతులకు తొడుగు లేనిదే మాయ ముట్టవద్దనండి. దాన్ని కుక్కలకు వేయక, సున్నం చల్లి లోతుగా పూడ్పించండి. పశువైద్యుడిచేత రక్తపరీక్ష చేయించండి. గ్రామసభలో నిలబడి అడగండి: మా మేకకు టీకా ఎప్పుడు?