పాటకు వీసా అడిగేవాళ్లకు

బెళుగుప్పలో మా పాత మట్టిమిద్దె కూలగొట్టేటప్పుడు రేకుపెట్టెలో ఆ క్యాసెట్ దొరికింది. పై కాగితం సగం ఎలుకలు కొట్టేశాయి. 'పర్వాజ్' అన్న పేరు మాత్రం మిగిలింది. పాకిస్తాన్ రాక్ బ్యాండ్ జునూన్ 1999లో తెచ్చిన ఆల్బం అది. ఇన్నేళ్లు దాన్ని మేం దాచిపెట్టింది ఎలుకలకు భయపడి కాదు. మీకు భయపడి.

అవును, మీకే. 1998లో అదే బ్యాండు పాట 'సయోనీ' మ్యూజిక్ చానళ్లలో మోగుతుంటే మీరూ వూగిపోయారు. మేం ఆ పాటున్న 'ఆజాదీ' క్యాసెట్ బళ్లారిలో కొనుక్కొచ్చి, విత్తనానికి శెనక్కాయలు వొలుచుకుంటూ విన్నాం. మాటలు సగమే అర్థమయ్యేవి. మేం దూదేకులోళ్లం, మా యింట్లో తెలుగే. ఆ గిటార్ పక్కన ఆషిక్ అలీ తబలా పడితే వొళ్లు ఝల్లుమనేది, అంతే. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లోళ్లు పాట వినడానికి అంతకంటే కారణం కావాల్నా?

మరుసటేడు కార్గిల్ యుద్ధం. ఆ యుద్ధం నడుస్తుండగానే జూన్ 8న మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్. పాకిస్తాన్ మీద ఇండియా గెలిచింది. మేమూ ఎగిరి గంతేశాం. ఆ రాత్రే మేం చదువుకుంటున్న వూళ్లో, మా అద్దె గదికి దోస్తులు వచ్చారు. "మీ వాళ్లు ఓడిపోయారే" అని నవ్వారు. 'ఆజాదీ' క్యాసెట్లోంచి టేపు బారలు బారలుగా లాగి ఫ్యాను రెక్కలకు చుట్టారు. వాళ్లేం పరాయివాళ్లు కారు, మా కంచంలో తిన్నోళ్లే. పొద్దున్నే మమ్మల్ని టిఫిన్‌కు పిలిచారు కూడా. మేం పోయాం. టేపు చింపినందుకు కాదు, ఆ పొద్దున నోరెత్తకుండా వాళ్లెంట పోయినందుకే యిప్పటికీ మాకు సిగ్గు.

అందుకే తర్వాత చేతికొచ్చిన 'పర్వాజ్' మా యింటి గోడ దాటి వినబడలేదు. శబ్దం తగ్గించి, టేపురికార్డరు మీద దుప్పటి కప్పి విన్నాం. 'సయోనీ' లాంటి పాట యిందులో ఒక్కటీ లేదని మేమే తేల్చేసి పెట్టెలో పడేశాం. మాలాగే చాలామంది దాన్ని తక్కువ చేశారు. యిప్పుడు టేపురికార్డరు బాగుచేయించి వింటే తెలుస్తోంది, జునూన్ పాడిన వాటిలో యిదే లోతైంది. 'ఆజాదీ'లో అలీ అజ్మత్ గొంతు మీదికి దూకుతుంది. యిందులో అదే గొంతు మన పక్కన అరుగు మీద కూచుంటుంది. సల్మాన్ అహ్మద్ గిటార్ కూడా పాటను తొక్కదు, దాని చెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఆ ఆల్బం ప్రాణం బుల్లే షా. పంజాబీ సూఫీ కవి. 'బుల్లేయా' పాటలో మతాన్నీ వూరినీ పుట్టుకనూ ఒక్కొక్కటే విప్పి పక్కనబెట్టి, నేనెవరో నాకే తెలీదంటాడు.

మా జేజికి బుల్లే షా పేరు తెలీదు. అయితే యీ పాట ఆమెకు తెలుసు. వీరబ్రహ్మంగారి తత్వాలు పాడుకుంటూనే ఆమె పత్తి ఏకింది. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య మా దూదేకుల బిడ్డే కదా. పంజాబులో సయ్యదుల యింట పుట్టిన బుల్లే షా, తోటపని చేసుకునే అరాయీ కులపు షా ఇనాయత్ కాళ్ల దగ్గర కూచున్నాడు. యిక్కడ దూదేకుల పిల్లోడు కంసాలి గురువు దగ్గర కూచున్నాడు. బుల్లే షా 1757లో పోయాడు. అప్పటికి 1947 నాటి గీత ఎక్కడుంది?

యిప్పుడు చెప్పండి. 2004లో రబ్బీ షేర్‌గిల్ అదే బుల్లే షా పదాన్ని గిటార్‌తో పాడాడు. దేశమంతా నెత్తిన పెట్టుకుంది. మన సూఫీ వారసత్వమన్నారు, మత సామరస్యమన్నారు. రబ్బీ బాగానే పాడాడు, ఆయనతో మాకు పేచీ లేదు. పేచీ మీతోనే. ఆయన పాడితే వారసత్వమైంది, మా యింట్లో మోగితే ద్రోహం ఎట్లా అయింది?

ఇంతకీ ఎవరు "మా వాళ్లు"? ఆ బ్యాండులో బాస్ వాయించిన బ్రయన్ ఓ'కానెల్ అమెరికా వాడు. 1998 మేలో రెండు దేశాలూ అణుబాంబులు పేల్చుకుంటే, జునూన్ వాళ్లు దాన్ని తప్పుబట్టారు. వాళ్ల ప్రభుత్వమే వాళ్లను టీవీ, రేడియోల నుంచి వెలివేసింది. మీరు మమ్మల్ని పాకిస్తానోళ్లంటున్నారు. పాకిస్తాన్ ప్రభుత్వమేమో ఆ పాటగాళ్లనే తనవాళ్లు కారు పొమ్మంది.

మా లోపలి పెద్దమనుషులకూ ఒక మాట. పాట హరామని, పీర్లు షిర్కని చెప్పి పోతారు మీరు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర మొహర్రం నాడు హిందువులూ ముస్లింలూ కలిసి గుండం తొక్కే సీమ మాది. సల్మాన్ అహ్మద్ 2003లో గిటార్ పట్టుకుని మీలాంటి ముల్లాల దగ్గరికే పోయి, సంగీతం ఎందుకు కూడదని అడిగాడు. అదంతా డాక్యుమెంటరీగా వచ్చింది. ఆ పని మేం మా వూళ్లో చేయలేకపోయాం.

యిక అభ్యుదయ మిత్రులు. "బుల్లే షాలాగా మీరూ మతం గితం వదిలేసి వుత్త మనుషులు కండి" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ బుల్లే షా సయ్యదు. వదులుకోవడానికి ఆయనకు ఒక గొప్ప పేరుంది. మాకేముంది? ఉర్దూ రాదని తురకల్లో కలుపుకోరు. క్రికెట్ రోజు మాత్రం తురకలమే. మమ్మల్ని మేం యింకా చెప్పుకోనే లేదు, అప్పుడే చెరిపేసుకోమంటే ఎట్లా? ముందు మీ పేర్ల వెనకున్న తోకలు చెరిపి రండి. అప్పుడు అందరం కలిసి 'బుల్లేయా' పాడుకుందాం.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. ఆ కడుపుకోతకు మేం ఏడ్చామా లేదా అని మళ్లీ మా ముఖాలు వెతికారు. మే 8న, పాకిస్తాన్ పాటలు, సినిమాలు తీసెయ్యమని ఆన్‌లైన్ సంస్థలకు కేంద్రం సూచించింది. హంతకులకు శిక్ష పడాల్సిందే. బుల్లే షా చేసిన నేరమేమిటి?

మాకు ఎలుకలు కొట్టిన క్యాసెట్ వుంది. మొన్న సాయంత్రం మిద్దె ముందర, గాలిమరల వైపు తిరిగి, శబ్దం పూర్తిగా పెంచి పెట్టాం. టేపు రెండుసార్లు చిక్కుకుంది, పెన్సిల్‌తో చుట్టుకున్నాం. పక్కింటి పెద్దాయన వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"తత్వం మాదిరుందే. ఎవురు పాడిందప్పా?"

చెప్పాం. పాకిస్తానోళ్లని కూడా చెప్పాం. ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని కాసేపు ఏమీ అనలేదు. లేచీ పోలేదు. మేం క్యాసెట్ రెండో వైపుకు తిప్పాం.