కొవ్వొత్తి కారిపోతున్నదా? వంగిపోతున్నదా?

కొవ్వొత్తుల తయారీ గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈసారి వచ్చిన వాటిలో ఒకటి మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఒక గ్రామంలోని స్త్రీల సమాజం వారు పొదుపు డబ్బుతో అల్యూమినియం అచ్చు కొని, మైనం అప్పు తెచ్చి, క్రిస్మస్ ఆరాధన కోసం కొవ్వొత్తులు పోశారట. కొన్ని అచ్చులోనే విరిగిపోయాయి. అమ్మినవి పాటలు పాడుతుండగానే కారి పిల్లల చేతుల మీద పడ్డాయి. కొన్నవారు డబ్బు తిరిగి అడిగారు. దుకాణం అప్పు అలాగే ఉన్నది. "మైనం చెడ్డదా, మా చేతి పని చెడ్డదా? అచ్చు అమ్మివేయమంటారా?" అని వ్రాస్తూ, నాలుగు కొవ్వొత్తులు పొట్లం కట్టి పంపారు.

అచ్చు అమ్మవద్దండి. ఆ నాలుగింటిని పరిశీలించి వెలిగించి చూశాము. అచ్చులో దోషమేమీ కనబడలేదు. మైనంలో ఒక లోపం, వత్తిలో ఒక లోపం, పోసిన పద్ధతిలో ఒక చిన్న లోపం కనబడ్డాయి. ఈ పని చేసే ఇతరులకు కూడ పనికివస్తుందని ఇక్కడే వివరంగా వ్రాస్తున్నాము.

మొదట మైనం సంగతి. వారు పంపిన పొట్లం కాగితం మీద నూనె మరక పడింది. అది చాలు తెలుసుకోవడానికి. మనం కొనే పారఫిన్ మైనం ముడి చమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చే పదార్థం. పూర్తిగా శుద్ధి చేసినదానిలో నూనె అర శాతానికి మించదు. సగం శుద్ధి చేసిన రకంలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. శుద్ధి చేయని ముతక మైనంలో మరీ ఎక్కువ. నూనె ఉన్న మైనం మెత్తగా ఉంటుంది, అచ్చుకు అంటుకుంటుంది, వెలిగిస్తే పొగ వస్తుంది, తొందరగా కారుతుంది. చౌకగా దొరికిందని తెచ్చుకున్న మైనం చాలాసార్లు ఇదే. దుకాణంలోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చును. ఒక చెక్కు గీరి తెల్ల కాగితం మడతలో పెట్టి గట్టిగా నొక్కి, కొంతసేపు ఉంచి చూడండి. మరక పడినా, కిరసనాయిలు వాసన వచ్చినా ఆ మైనం వద్దు. మంచి మైనం తెల్లగా, గట్టిగా, వాసన లేకుండా ఉంటుంది, తడితే టకటకమంటుంది.

రెండవది, కరిగే వేడి. బస్తా మీద 58–60 అనో 60–62 అనో అంకెలు ఉంటాయి. అది ఆ మైనం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చెప్పే లెక్క. రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు గాని, మైనం కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది. రేకుల షెడ్డులో నిలబెట్టిన సన్నని కొవ్వొత్తి వేసవి మధ్యాహ్నం తల వంచుతుంది. మన ప్రాంతానికి 60–62 రకమే తీసుకోవాలని మా అభిప్రాయం. దానిలో కిలోకు 100 గ్రాముల స్టియరిక్ యాసిడ్ కలపండి. పేరు ఆమ్లమే అయినా భయపడవలసినది కాదు. తెల్లని పొలుకులుగానో గుళికలుగానో వస్తుంది, కొవ్వుల నుండి తీసినదే. అది కలిపితే కొవ్వొత్తి గట్టిగా, పాలవలె తెల్లగా వస్తుంది, అచ్చు నుండి సులువుగా ఊడుతుంది. అయితే దీనిని రాగి, ఇత్తడి, ఇనుప గిన్నెలలో కరిగించవద్దు. రాగి తగిలితే పచ్చబారుతుంది, ఇనుము తగిలితే రంగు మారుతుంది. స్టీలు గాని అల్యూమినియం గాని వాడండి.

కరిగించే పద్ధతి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, అందులో మైనం గిన్నె ఉంచి కరిగించండి. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు గనుక మైనమూ దాటదు. నేరుగా మంట మీద పెడితే మైనం నీళ్ళవలె మరిగి హెచ్చరిక చేయదు. చప్పుడు లేకుండా వేడెక్కి, పొగలు లేచి, సుమారు 200 డిగ్రీల దగ్గర అంటుకొనే స్థితికి వస్తుంది. ఒకవేళ అంటుకుంటే ఏమైనా సరే నీళ్ళు పోయకూడదు. నీరు క్షణంలో ఆవిరై మండే మైనాన్ని ఇల్లంతా చిమ్ముతుంది. పొయ్యి ఆపి గిన్నె మీద మూత వేయండి. గాలి అందకపోతే మంట ఆరిపోతుంది. సరిపోయే మూతను మొదటి నుండీ చేతికి అందేచోట పెట్టుకోండి. పిల్లలను, వ్రేలాడే పమిటలను ఆ పొయ్యికి దూరంగా ఉంచండి. వేడి మైనం చర్మం మీద పడితే గీకవద్దు. చల్లని నీటి ధార క్రింద ఎక్కువసేపు ఉంచి, తేలికగా ఊడివచ్చినంతవరకే తీయండి. బొబ్బలెక్కితే ఆసుపత్రికి వెళ్ళవలసిందే. మిగిలిన మైనం మురుగు తూములో పారబోస్తే అక్కడే గడ్డ కట్టుకుంటుంది, పాత డబ్బాలో పోసి దాచుకోండి.

ఇక వత్తి. వచ్చిన నాలుగు కొవ్వొత్తులలోనూ పురి పెట్టిన మామూలు దారమే ఉన్నది. అసలు చిక్కంతా ఇక్కడే. మండేది మైనమే గాని దానిని పైకి తెచ్చి మంటకు అందించేది వత్తి. వత్తి సన్నమైతే కరిగినంత మైనం త్రాగలేదు. మిగిలినది అంచు దాటి కారుతుంది, లేదా వత్తినే ముంచి ఆర్పివేస్తుంది. వత్తి లావైతే మంట పొడుగై పొగ చిమ్ముతుంది, కొవ్వొత్తి గంటలో అయిపోతుంది. వత్తి నడిమధ్యను లేకపోతే ఒక ప్రక్క గోడ కరిగిపోయి అటు కారుతుంది. పిల్లల చేతుల మీద పడినది ఇటువంటిదే.

పురి దారానికి ఇంకొక గుణమున్నది. నిటారుగా నిలబడి కొసన బొగ్గు కట్టుకుంటుంది. పూర్వం కొవ్వొత్తి వెలిగించినవారు మాటిమాటికి ఆ కొస కత్తిరించుకోవలసి వచ్చేది. ప్రత్యక్షగుడారపు దీపవృక్షానికి కూడ వత్తులు సవరించే పనిముట్లు బంగారుతో చేయించిన సంగతి నిర్గమకాండం చదివినవారికి తెలుసు. 1825లో ఫ్రాన్సు దేశంలో కాంబసెరెస్ అనే ఆయన దారాలను జడవలె అల్లి వత్తి చేశాడు. జడ వత్తి కాలుతున్నకొద్దీ కొస ప్రక్కకు వంగి మంట అంచుకు వస్తుంది, అక్కడ తగినంత గాలి తగిలి పూర్తిగా కాలిపోతుంది. కత్తెరతో పని లేదు. రెండు వందల ఏళ్ళ నాటి ఆ ఉపాయం తెలియక మన ఆడపడుచులు నష్టపోవడం మాకు బాధ కలిగించింది. కావున అడిగేటప్పుడు "కొవ్వొత్తి దారం" అని మాత్రమే అనక, "అల్లిన నూలు వత్తి" అని అడగండి. నైలాను కలిసినది వద్దు. కొస వెలిగించి చూస్తే నైలాను కరిగి ఉండ కడుతుంది, నూలు బూడిద అవుతుంది.

అల్లిన వత్తి తెచ్చాక దానిని ఊరబెట్టుకోవచ్చును. ఒకటిన్నర గ్లాసు గోరువెచ్చని నీటిలో పెద్ద చెంచాడు ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెలిగారం కరిగించి, వత్తి రాత్రంతా నాననిచ్చి, పూర్తిగా ఎండే వరకు ఎండబెట్టండి. తడి మిగిలితే వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది. ఎండిన వత్తిని కరిగిన మైనంలో ముంచి సాగదీసి ఆరబెడితే పుల్లవలె నిలుస్తుంది, అచ్చులో నడిమధ్యన బిగించడం సులువు. ఇలా చేసిన వత్తికి బూడిద, పొగ తగ్గుతాయి. వెలిగారం నోట్లోకి పోకూడదు. ఆ గిన్నె, చెంచా వంటకు వాడవద్దు.

ఎంత లావు వత్తి కావాలో ఎవరూ నోటితో చెప్పలేరు. మీ మైనం, మీ అచ్చు మీద అది ఆధారపడుతుంది. మూడు లావుల వత్తి కొంచెం కొంచెంగా తెచ్చి, మూడు కొవ్వొత్తులు పోసి, మరునాడు ఫ్యాను లేని గదిలో ఒకేసారి వెలిగించి చూడండి. మంట నిలకడగా ఉండి, కరిగిన మైనం అంచు దాకా వచ్చి దాటకుండా ఉన్నదే మీ వత్తి. ఈ పరీక్ష చేయకుండా పెద్ద ఉండ కొనవద్దు.

ఆరాధనలో చేత పట్టుకొనే కొవ్వొత్తి ఎంత మంచిదైనా, వంచితే కారుతుంది. పాత అట్టతో అరచేయంత గుండ్రని బిళ్ళలు కత్తిరించి, నడుమ గంటు పెట్టి, కొవ్వొత్తికి తొడగండి. దీనికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. చిన్న పిల్లలకు ఇవ్వకపోవడమే ఇంకా మంచిది.

పోయడంలో వచ్చే చిక్కులు తొందరగా చెప్పుకుందాము. కొవ్వొత్తి నడుమ గొట్టంవలె ఖాళీ ఏర్పడిందంటే మైనం చల్లారుతూ కుంచించుకుపోయిందన్నమాట. అది దాని స్వభావం. పైన పొర కట్టగానే సన్నని పుల్లతో వత్తి ప్రక్కన గుచ్చి, మరల వేడి మైనం పోసి నింపాలి. మన సహోదరీలు రెండవసారి పోయలేదు, అందుకే వారివి విరిగాయి. అడ్డగీతలు పడితే మైనం గాని అచ్చు గాని చల్లగా ఉన్నది, 80 డిగ్రీల దగ్గర పోయండి. నెర్రెలు విచ్చితే మరీ చల్లని నీటిలో తొందరపడి చల్లార్చారు. బుడగలు వస్తే నెమ్మదిగా ఒక ప్రక్కనుండి పోసి అచ్చును తట్టండి. అచ్చుకు నూనె ఎక్కువ రాస్తే కొవ్వొత్తి మీద మచ్చలు పడతాయి. గుడ్డతో తుడిచినట్లు పలుచగా రాస్తే చాలు. ఊడిరాకపోతే మాత్రం కత్తి పెట్టకండి. గీత పడిన అచ్చు ఆ తరువాత ప్రతిసారీ అంటుకుంటుంది. అచ్చును వేడి నీటిలో ముంచి మైనం కరిగించి మొదటినుండి పోయడమే మేలు. చెడిపోయిన సరుకంతా ఇలాగే కరిగించి, గుడ్డలో వడపోసి, మంచి మైనానికి నాలుగవ వంతు మించకుండా కలుపుకోవచ్చును. గుడిలో మిగిలిన ముక్కలు కూడ ఇంతే. వడపోయకపోతే కాలిన వత్తి నలుసులు కొత్త వత్తిని మూసివేస్తాయి.

రంగు కావాలంటే నూనెలో కరిగే రంగే కొనాలి. మిఠాయి రంగులు నీటిలో కరిగేవి, మైనంలో కలవవు. ముగ్గు రంగులు, పిల్లల రంగు చాకులు అడుగున పేరుకొని వత్తిని మూస్తాయి. మా మట్టుకు తెల్లదే బాగుంటుంది.

సరుకు ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడిగారు. ఒకప్పుడు పారఫిన్ మైనం ప్రభుత్వ కోటా మీద చిన్న పరిశ్రమలకు పంచేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. చెన్నై దగ్గరి మణలి, అస్సాంలోని దిగ్బోయి, నుమాలిగఢ్ శుద్ధి కర్మాగారాలలో తయారవుతుంది, విదేశాలనుండి కూడ వస్తుంది. విజయవాడ వన్‌టౌన్, హైదరాబాదు బేగంబజారు, చెన్నై ప్యారిస్ ప్రాంతాలలోని టోకు దుకాణాలలో విచారించండి. బస్తా విప్పి చిల్లరగా ఇచ్చేచోట బస్తా మీది అంకెలు స్వయంగా చూడండి. ఇద్దరు ముగ్గురు కలిసి బస్తా తెచ్చుకొని పంచుకుంటే రవాణా ఖర్చు కలిసివస్తుంది. ఫోను ద్వారా తెప్పించుకొనేవారు ఒకటి గమనించండి. సోయా మైనం అని అందంగా అమ్ముతున్నారు. అది మెత్తనిది, గాజు గ్లాసులో పోసుకొనేందుకే గాని, నిలబడే కొవ్వొత్తికి మన ఎండలలో పనికిరాదు.

శిక్షణ కావలసినవారు జిల్లా కేంద్రంలో బ్యాంకులు నడిపే ఆర్సెటి సంస్థలో అడగండి. గ్రామీణ పరిశ్రమల జాబితాలో కొవ్వొత్తుల తయారీ ఉన్నది గనుక, ఋణం సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో విచారించవచ్చును.

చివరగా డబ్బు సంగతి. కరెంటు పోతే వాడుకొనే కొవ్వొత్తికి ఇదివరకటి గిరాకీ లేదు, బ్యాటరీ బల్బులు వచ్చాయి. మిగిలినవి పండుగలు, పుట్టినరోజులు, క్రిస్మస్ ఆరాధన, నూతన సంవత్సరపు రాత్రి, కొన్ని ఊళ్ళలో నవంబరు 2న, మరికొన్ని ఊళ్ళలో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర వెలిగించేవి. అన్నీ తేదీ తెలిసినవే గనుక చుట్టుప్రక్కల సంఘాలను నెల ముందే అడిగి, ఎన్ని కావాలో వ్రాసుకొని, కొంత బయానా తీసుకొని తరువాత పోయండి. అప్పు తెచ్చి పోసి ఆ తరువాత కొనేవారిని వెదకవద్దు. ఏప్రిల్, మే నెలలకు సరుకు నిలవ ఉంచవద్దు. ఉంటే నీడలో పడుకోబెట్టి ఉంచండి.

ధర కట్టేముందు అచ్చు గడిలో నీళ్ళు నింపి కొలవండి. 100 మిల్లీలీటర్లు పడితే సుమారు 90 గ్రాముల మైనం పడుతుంది. 25 గ్రాముల కొవ్వొత్తికి కిలోకు లెక్కప్రకారం 40 రావాలి, తరుగు తీసి 38 అనుకోండి. దానిమీద వత్తి, స్టియరిక్ యాసిడ్, గ్యాసు, కాగితం, బస్సు ఛార్జీ, మీ కూలి అన్నీ వేయండి. కూలి వేయడం మన స్త్రీలు మరచిపోతారు. పొట్లం కట్టి దుకాణానికి వేస్తే దానిమీద తయారుచేసినవారి పేరు, చిరునామా, బరువు లేదా సంఖ్య, తయారైన నెల, గరిష్ఠ ధర ముద్రించాలి. ముద్రించిన దానికంటే బరువు తగ్గకుండా ప్రతి విడతలో పది కొవ్వొత్తులు తూచి చూసుకోండి.