నిలవ నీటితో నిజం తేలదు

మన తాతలు దిగిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. సైనైడు దిబ్బలు మాత్రం లైన్ల పక్కనే ఉన్నాయి. కింద నీళ్లెలా ఉన్నాయో తేల్చమని అడుగుతున్నాం. పరీక్ష బోరులో నిలవున్న నీళ్లు సీసాకు పట్టుకుపోతే తేలేదేమీ లేదు. ఇది రాతి నేల, ఊట నిదానం. బోరు పూర్తిగా తోడి, కొత్త నీరు ఊరాక 24 గంటల్లోపు నమూనా తీయాలి. వెంటనే క్షారం కలిపి చల్లగా ఉంచాలి. లేదంటే ల్యాబుకు చేరేలోపే సైనైడు తగ్గిపోతుంది, కాగితం మీద మాత్రం "బాగుంది" అని వస్తుంది. మర్నాడు మళ్లీ రావాలంటే ఖర్చట! ఇస్సాకు కాలంలో బావులు పూడ్చిన ఫిలిష్తీయులైనా ఆ నీళ్లు మంచివని సర్టిఫికెట్ ఇవ్వలేదు. యువతీయువకులారా, నమూనా రోజున బోరు దగ్గర నిలబడండి. ఎన్నింటికి తోడారో, ఎన్నింటికి పట్టారో రాసి, వాళ్లచేత సంతకం పెట్టించండి.