పిల్ల నోరు విప్పాక రాజీ ఎందుకు?



గూడెంలో ఆడపిల్ల నోరు విప్పితే చర్చి పెద్దలు ముందు అనేది ఒకటే: "సంఘం పరువు పోతుంది, ప్రార్థన చేసుకుందాం." తర్వాత తప్పు కట్టించి సర్దేస్తారు. ఆ డబ్బు ఎవరి చేతికెళ్తుందో మీకూ తెలుసు.

18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అదే. దాచిపెడితే 6 నెలల దాకా జైలు పడొచ్చు. పాస్టరు గారికి మినహాయింపు లేదు, మనలో 18 దాటినవాళ్లకీ లేదు. క్షమించాలో వద్దో ఆ పిల్ల ఇష్టం. ఆమె తరఫున రాజీపడే హక్కు పెద్దలకి ఎవరిచ్చారు?

క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి, రాత్రి కూటాలకి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, నమ్మకమైన ఒక అక్క వెంట ఉండాలి. పిల్ల పేరు వాట్సాప్‌లో తిప్పొద్దు. 1098 నంబరు చర్చి గోడ మీద మేమే రాస్తాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల్ని కలుస్తున్నాం, మీరూ రండి.