కడప బండ - ఉప్పుగాలి
పుదుచ్చేరిలోని నటేశన్ నగర్ వంటి తీరప్రాంతాలలో ఇల్లు కట్టుకొనే సోదర ఉద్యోగులు కడప బండ నలుపును, నునుపును చూచి మురిసిపోతారు. కాని అది సున్నపురాయి. వర్షపు నీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లమై, రాతి పొరల సందులలోని కాల్సైటును కరిగిస్తుంది. బెలుం గుహలను తొలిచినది ఇట్టి నీరే. (వంటగట్టుపై ఒలికిన చింతపండు పులుసు చేసే పనీ ఇదే!) తీరంలో దీనికి ఉప్పు తోడవుతుంది. రంధ్రాలలో చేరిన ఉప్పునీరు ఆరి, స్ఫటికాలై పొరలను విడదీస్తుంది. రంధ్రాలు పెరిగినకొద్దీ రాయి నీటిని అధికంగా పీల్చుకొని బలం కోల్పోతుంది. పైగా తడిసిన రాయి పొడిరాయికన్నా బలహీనం. కనుక పొడిగా పరీక్షించిన బలాన్ని మాత్రమే నమ్మరాదు. నేలపై పరచిన బండ పగిలితే మార్చుకోవచ్చు. గోడనుండి ముందుకు చాచిన మెట్టుబండ మనిషితో సహా కూలుతుంది. సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనక మొద్దుగా మ్రోగే బండను మెట్లకు వాడకండి.