దాసరి సుబ్రహ్మణ్యం పేరిట తపాలా బిళ్ల రావాలి
(చందమామ చదివిన పెద్దలకు, వాళ్ల మనవలకు ఒక విన్నపం)

మీ ఇంట్లో అటక మీద 1960ల నాటి చందమామ బైండు ఏదైనా మిగిలి ఉంటే దించి దుమ్ము దులపండి. సీరియల్ ఉన్న పేజీ తీయండి. పైన సీరియల్ పేరు, దాని కింద బ్రాకెట్ల మధ్య కిందటి నెల జరిగిన కథ నాలుగు ముక్కల్లో, పక్కనే రంగుల బొమ్మ. బొమ్మ మూలన ‘చిత్రా’ అని సంతకం. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే పాఠకులు పంపిన కథలు కనిపిస్తాయి, వాటికి రాసినవాళ్ల పేర్లున్నాయి. ఆఖరికి ఫొటో వ్యాఖ్యల పోటీలో గెలిచినవాళ్ల పేరూ ఊరూ కూడా అచ్చయ్యాయి. నెలనెలా మనల్ని ‘ఇంకా ఉంది’ అన్న మాట దగ్గర నిలబెట్టి, వచ్చే సంచిక కోసం పోస్ట్‌మ్యాన్ దారి కాసేలా చేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడ వెతికినా దొరకదు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932 అక్టోబర్ 25న అప్పటి గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో పుట్టారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో, 1952లో, మద్రాసు వెళ్లి చందమామ సంపాదక వర్గంలో చేరారు. మళ్లీ ఆ గడప దిగింది 2006లో. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి 1978 దాకా పన్నెండు సీరియళ్లు రాశారు. ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఈ పేర్లు వినగానే అరవై దాటినవాళ్ల కళ్లల్లో మెరుపు వస్తుంది. రాసిందెవరంటే తెల్లమొహం వేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకెవరూ చెప్పలేదు.

2032 అక్టోబర్ 25 నాటికి ఆయన పుట్టి నూరేళ్లవుతుంది. ఆ రోజున భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్మారక తపాలా బిళ్ల విడుదల చేయాలి. ఈ కరపత్రం అడిగేది ఇదొక్కటే. డబ్బు కడితే ఎవరి ఫొటో అయినా అచ్చేసి ఇచ్చే ‘మై స్టాంప్’ గురించి కాదు మేం మాట్లాడుతున్నది. వేమనకు 1972లో, వీరేశలింగానికి 1974లో దేశం ఇచ్చినటువంటి అసలు బిళ్ల.

వ్యక్తుల మీద బిళ్ల వేయాలంటే వాళ్లకు జాతీయ ప్రాధాన్యం ఉండాలని తపాలా శాఖ అంటుంది. సరే, ఆ కొలతే తీసుకుందాం. చందమామ 1947 జూలైలో తెలుగులో, తమిళంలో మొదలైంది. తర్వాత పదేళ్లు తిరక్కుండానే కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒరియా దాకా పాకింది. మద్రాసులో ఈయన తెలుగులో రాసిన సీరియల్ ఆయా భాషల్లోకి మారి, అవే బొమ్మలతో ఆ పిల్లలందరికీ చేరేది. శిఖిముఖి, విక్రమకేసరి శిథిలాలయం దారి పట్టారంటే తెనాలి కుర్రాడే కాదు, నాగపూర్‌లోనూ అహ్మదాబాద్‌లోనూ ఉన్న కుర్రాళ్లు కూడా వాళ్ల వెంట నడిచారు. ఒక తెలుగు రచయిత అన్నేళ్లపాటు, అన్ని భాషల పిల్లలకు, నెల తప్పకుండా కథ చెప్పిన ఉదాహరణ ఇంకొకటి ఉంటే చూపించండి. దీన్ని జాతీయ ప్రాధాన్యం అనకపోతే దేన్నంటారో మాకైతే తెలియదు.

“చందమామ పదిమంది కలిసి లాగిన రథం కదా, ఆయన ఒక్కడికే ఎందుకు?” అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పదిమందిలో మిగతావాళ్ల సంగతి చూడండి. నాగిరెడ్డిగారికి సినిమా వైపు నుంచి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. చక్రపాణి పేరు విజయా వారి సినిమాలు ఉన్నంత కాలం ఉంటుంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుకు సొంత నవలలు, కథలు, వ్యాసాలు సంపుటాలకు సంపుటాలున్నాయి. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల మీద ‘వపా’ సంతకం ఇవాళ్టికీ పలుకుతోంది. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి వేసిన శంకర్‌గారు 2020లో పోతే, 2021లో పద్మశ్రీ ప్రకటించారు. చాలా మంచి పని. బొమ్మ వేసిన చేతిని దేశం గుర్తించింది. కథ రాసిన చేతి దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు.

మరి పద్మ పురస్కారమే అడగొచ్చు కదా? అడగలేం. మరణానంతరం ఇవ్వాలంటే ఆ మనిషి పోయి ఏడాదికి మించకూడదన్నట్టుగా ఉంటాయి ఆ నియమాలు. సుబ్రహ్మణ్యంగారు 2010 జనవరి 27న విజయవాడలో కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే! ఆయన విషయంలో ప్రతి తలుపూ ఆలస్యంగానే తెరుచుకుంది. మిగిలిన దారి తపాలా బిళ్ల. దానికి శతజయంతి కంటే మంచి సందర్భం దొరకదు.

ఇంకో ఆక్షేపణ ఉంది. పైకి అనరు గానీ లోపల ఉంటుంది. మాంత్రికులు, రాక్షసులు, ఎగిరే గుర్రాల కథలు కూడా సాహిత్యమేనా అని. అలా అనేవాళ్లు ‘శిథిలాలయం’ మళ్లీ ఒకసారి చదవాలి. అందులో కథానాయకుడు రాకుమారుడు కాడు, శబర నాయకుడి కొడుకు శిఖిముఖి. 1960లలో మన పెద్దవాళ్ల నవలల్లో గూడెం కుర్రవాడు కథానాయకుడైనవి ఎన్నున్నాయో లెక్క చూసుకోండి. ‘జ్వాలాద్వీపం’లో రాజు చిత్రసేనుడి కంటే రాక్షసుడు ఉగ్రాక్షుడే మనకు ఎక్కువ దగ్గరవుతాడు. రాజులంటే ఈ రచయితకు భక్తి తక్కువని, మామూలు మనిషి తెగువ మీద, ఉపాయం మీద నమ్మకం ఎక్కువని రెండు సీరియళ్లు చదివితే అర్థమైపోతుంది. నీతి వాక్యం ఒక్కటీ విడిగా తీసి చెప్పడు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు ఎలా నడుచుకుంటారో చూసి పిల్లవాడే ఏరుకోవాలి. ఇక వాక్యమంటారా, ఎనిమిదేళ్ల పిల్ల గట్టిగా చదువుకుంటూ పోతే ఎక్కడా తట్టుకోదు. బడిలో అక్షరాలు నేర్చుకున్నా, తెలుగు చదవడం నేర్చుకున్నది ఈ సీరియళ్ల మీదే అని చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలో స్థిరపడి, పాత సంచికల స్కాన్లు వెతికి వెతికి దాచుకునేవాళ్లూ ఉన్నారు.

పిల్లల రచయితను జాతి పెద్దల సరసన కూర్చోబెట్టడం వింతేమీ కాదు. స్వీడన్‌లో 2015 నుంచి ఇరవై క్రోనాల నోటు మీద ఉన్నది ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ బొమ్మ. ఆమె సృష్టించిన అల్లరి పిల్ల పిప్పి కూడా ఆ నోటు మీదే ఉంది. దానికి ముందు ఆ నోటు మీదున్న సెల్మా లాగర్‌లాఫ్ నోబెల్ గ్రహీత. బాతు మీదెక్కి తిరిగిన నిల్స్ కథ పిల్లలకు చెప్పింది ఆవిడే. మన దగ్గర ట్యాంక్‌బండ్ మీద కవులున్నారు, రాజులున్నారు, సంస్కర్తలున్నారు, ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఉన్నాడు. పిల్లల కోసమే బతుకంతా రాసిన మనిషి ఒక్కరూ లేరు. విగ్రహం కావాలని మేం అడగడం లేదు. విగ్రహాల మీద కాకులు వాలడం, వాటి చుట్టూ రాజకీయాలు వాలడం చూశాం. బిళ్ల అయితే కవరు మీదెక్కి ఊళ్లు తిరుగుతుంది, పిల్లల ఆల్బంలో కూర్చుంటుంది. తపాలా శాఖకు కూడా పిల్లలు కొత్త కాదు. ఏటా బాలల దినోత్సవానికి బిళ్లలు వేస్తూనే ఉంది, 2001లో పంచతంత్రం కథల మీద కూడా వేసింది.

ఇంకా చాలా టైముంది కదా అనుకోకండి. ప్రతిపాదన ముందుగా చేరాలి, దాన్ని ఫిలాటెలిక్ సలహా సంఘం చూడాలి, పై ఆమోదం రావాలి, బొమ్మ తయారవ్వాలి. శతజయంతి ఏడాదిలో నిద్ర లేస్తే అప్పటికే బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

కాబట్టి చేయవలసింది ఇది. తపాలా శాఖ ఫిలాటెలీ విభాగం, డాక్ భవన్, సంసద్ మార్గ్, న్యూఢిల్లీ–110001 చిరునామాకు ఉత్తరం రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు, పక్కన ఇంగ్లీషులోనో హిందీలోనో నాలుగు ముక్కలు జోడించండి. ఆయన పుట్టిన తేదీ, చందమామలో పనిచేసిన ఏళ్లు, సీరియళ్ల పేర్లు, అవి వచ్చిన భాషలు రాయండి. నకలు మీ ఎంపీకి పంపండి, అక్కడితో ఆగకుండా కలిసి అడగండి. హిందీ, తమిళ, మరాఠీ చందమామలు చదివి పెరిగిన మిత్రులుంటే వాళ్ల చేత తప్పకుండా రాయించండి. వాళ్ల ఒక్క ఉత్తరం మన పది ఉత్తరాల పెట్టు. తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు తరగతిలో పిల్లలకు ఒక సీరియల్‌లోని ఒక భాగం చదివి వినిపించి, బాగుందన్నవాళ్ల చేత కార్డు రాయించండి. బాగాలేదంటే బలవంతం వద్దు. గ్రంథాలయాలవాళ్లు, ఆయన పోయాక ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చిన ఆ సీరియళ్లను తెప్పించి పిల్లల బీరువాలో, వాళ్ల చేతికందే అరలో పెట్టండి.

ఈ కాగితం చదవడం అయిపోయాక పక్కవారికి ఇవ్వండి. మీ ఉత్తరం మాత్రం ఈ వారంలోనే డబ్బాలో పడనివ్వండి.

— కొందరు చందమామ పాఠకులు